మందబుద్ధి, మరణశిక్ష: చట్టం నడచిన దారి

2022 ఏప్రిల్ 27న తెల్లవారుజామున సింగపూరులోని చాంగీ జైలులో నాగేంద్రన్ ధర్మలింగం అనే మలేషియా పౌరుణ్ణి ఉరి తీశారు. అతడు పేరాక్ రాష్ట్రంలోని ఈపో పట్టణం వాడు. 2009 ఏప్రిల్‌లో 42.72 గ్రాముల హెరాయిన్ పొట్లం తొడకు కట్టుకొని ఉడ్‌లాండ్స్ సరిహద్దు దాటబోతూ పట్టుబడినాడు. అప్పటికి అతడు చిన్న వయస్సువాడే. తరువాత జరిపిన పరీక్షలో అతని ప్రజ్ఞాలబ్ధి, అనగా ఐ.క్యూ., 69 అని తేలినది.

నాగేంద్రన్ తెలుగువాడు కాడు, తమిళుడు. అయినప్పటికీ ఆ వార్త మన ఇళ్ళలో కూడ చాలా దినాలు చర్చకు వచ్చినది. పేరాక్‌లో తమిళులు, తెలుగువారు ఒకే తోటలలో, ఒకే లైన్లలో బ్రతికినవారు. బాగాన్ దాతో కొబ్బరి తోటలలో మన కుటుంబాలు తరతరాలుగా ఉన్నవి. ఈపో బిడ్డ కష్టం మనకు పరాయిది కాదు. ఆ దినాలలో మనవారిలో కొందరు, "తెలిసి చేశాడు, శిక్ష పడినది" అన్నారు. మరికొందరు, "పాపం, బుద్ధి తక్కువ పిల్లవాడు, వాణ్ణి ఉరి తీయవచ్చునా?" అన్నారు.

ఈ వాదన నిన్న మొన్న పుట్టినది కాదు. మన ముత్తాతలు ఓడ ఎక్కక ముందే ఇది న్యాయస్థానాలలో మొదలైనది. బుద్ధి నెమ్మదిగా పనిచేసే మనిషి ఉరికంబం ముందుకు వచ్చినప్పుడు చట్టం అతణ్ణి ఎట్లు చూసినదో, ఎంత ఆలస్యంగా చూసినదో ఈ వ్యాసంలో క్రమంగా చెప్పదలచినాము.

పిచ్చి వేరు, మందబుద్ధి వేరు

మొదట ఒక భేదం తెలుసుకొనవలెను. మతి చలించుట ఒక వ్యాధి. అది మధ్యలో వచ్చును, మందుతో తగ్గవచ్చును. మందబుద్ధి అట్టిది కాదు. అది బాల్యం నుండి ఉండేది. నేడు దీనిని మేధో వైకల్యం అంటున్నారు. వైద్యులు దీనికి మూడు గుర్తులు చెప్పుదురు. ప్రజ్ఞాలబ్ధి సుమారు 70 లేక అంతకు తక్కువగా ఉండుట ఒకటి. డబ్బు లెక్క, కాలం లెక్క, ఇతరులతో వ్యవహారం మొదలైన నిత్యజీవితపు పనులలో వెనుకబడి ఉండుట రెండవది. ఈ రెండు లక్షణాలు ఎదుగుదల వయస్సులోనే కనబడుట మూడవది.

ఇట్టివారిలో ఎక్కువమందికి వైకల్యం స్వల్పమైనదే. వారు మాట్లాడుదురు, కూలి పని చేయుదురు, దుకాణానికి పోయి సామాను తెత్తురు. ముఖం చూచి ఎవరూ కనిపెట్టలేరు. ఉపాధ్యాయులమైన మాకు ఇది అనుభవంలో ఉన్న విషయం. పాఠం చెప్పి "అర్థమయిందా?" అని అడిగితే, అందరికంటే ముందుగా "అయింది సార్" అనేవాడు చాలాసార్లు అర్థం కానివాడే. నలుగురిలో నవ్వులపాలు కాకుండా ఉండుటకు అతడు చిన్ననాడే నేర్చుకొన్న ఉపాయం అది. పెద్దవారు ఏమి వినదలచినారో కనిపెట్టి, ఆ మాటే చెప్పును.

ఈ ఉపాయం వల్ల తరగతిలో పోయేది రెండు మార్కులు. పోలీసు ఠాణాలో ప్రాణమే పోవచ్చును. ప్రశ్న వేసినవాడు కోరిన జవాబుకు తల ఊపును. ఏది ముందు జరిగినదో, ఏది వెనుక జరిగినదో వరుసగా చెప్పలేడు. తన వకీలుకు ఏ సంగతి చెప్పవలెనో తెలియదు. కోర్టులో అర్థం కాక చిరునవ్వు నవ్వితే, చూచినవారు "వీనికి పశ్చాత్తాపం లేదు" అనుకొందురు.

ఓడలో వచ్చిన చట్టం

పాత ఇంగ్లీషు చట్టానికి ఈ భేదం కొంత తెలుసు. 16వ శతాబ్దపు న్యాయకోవిదుడు ఫిట్జ్‌హెర్బర్ట్ పుట్టుకతో బుద్ధిహీనుడెవడో తెలుసుకొనుటకు ఒక పరీక్ష చెప్పినాడు. ఇరవై పెన్నీలు లెక్కపెట్టలేనివాడు, తన తల్లిదండ్రులెవరో, తన వయస్సెంతో చెప్పలేనివాడు బుద్ధిహీనుడని ఆ పరీక్ష. అది ఆస్తి వ్యవహారాలలో పుట్టినది. కాని దాని వెనుక ఉన్న ఆలోచన చాలాకాలం నిలిచినది: ఏమీ తెలియనివాడు ఒక పక్క, తక్కినవారందరూ మరొక పక్క. ఇరవై లెక్కపెట్టి, ఇరవైఒకటి దగ్గర తడబడేవానికి మధ్యలో చోటు లేదు.

1843లో ఇంగ్లండులో మెక్‌నాటన్ అనేవాని హత్య కేసు తరువాత న్యాయమూర్తులు కొన్ని సూత్రాలు చెప్పినారు. తాను చేసే పని ఏమిటో, అది తప్పో ఒప్పో తెలియని స్థితిలో చేసినవానికి నేరం అంటదని వాటి సారాంశం. మెకాలే ఆధ్వర్యంలో ముసాయిదా తయారై, 1860లో శాసనమైన భారత శిక్షాస్మృతిలో ఇదే భావం 84వ సెక్షనుగా చేరినది. 1871లో జలసంధి స్థావరాల ప్రభుత్వం, అనగా పెనాంగు, మలక్కా, సింగపూరులను ఏలిన ప్రభుత్వం, ఆ స్మృతినే కొద్ది మార్పులతో తన శాసనంగా చేసికొన్నది. విశాఖ, గోదావరి, గంజాం ప్రాంతాల నుండి మనవారు ఏ సముద్రం దాటి వచ్చినారో, ఆ శిక్షాస్మృతి కూడ ఆ సముద్రమే దాటి వచ్చినది. నేటికీ మలేషియాలో, సింగపూరులో అది 84వ సెక్షనే. భారతదేశంలో 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న కొత్త సంహితలో మాత్రం అది 22వ సెక్షను అయినది.

ఈ సెక్షను తెరచిన ద్వారం చాల ఇరుకు. అసలేమీ తెలియనివాడు దాని గుండా పోగలడు. మసకగా తెలిసినవాడు పోలేడు. పొట్లంలో ఏదో చెడ్డది ఉన్నదని తెలుసు గాని, తనను పంపినవాడు తనను బలి చేయుచున్నాడని ఊహించలేనివాడు ద్వారం బయటనే నిలబడును.

ఆలస్యంగా వచ్చిన క్షమాపణలు

ఈ ఇరుకు ద్వారం ఎవరిని బయట నిలిపినదో రెండు కేసులు చెప్పును.

మొదటివాడు జో ఆరిడీ. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం, ప్యూబ్లో పట్టణం. తండ్రి సిరియా దేశం నుండి వచ్చి ఉక్కు కర్మాగారంలో కూలి చేసినవాడు. మనవలెనే వలస కూలీ బిడ్డ అన్నమాట. ఆరిడీ ప్రజ్ఞాలబ్ధి 46. 1936లో ప్యూబ్లోలో 15 ఏండ్ల బాలిక హత్య జరిగినది. కొన్ని దినాల తరువాత రైలు యార్డులో తిరుగుతూ దొరికిన ఆరిడీ నేరం ఒప్పుకొన్నాడని పోలీసు అధికారి ప్రకటించినాడు. ఆ హత్యకే మరొకనికి 1937లో మరణశిక్ష అమలైనది. అయినప్పటికీ ఆరిడీని వదలలేదు. జైలు అధికారి ఇచ్చిన బొమ్మ రైలుతో ఆడుకొంటూ అతడు చివరి దినాలు గడిపినాడు. 1939 జనవరి 6న విషవాయువు గదిలో చంపినారు. అతని వయస్సు 23. హత్య జరిగిన నాడు అతడు ఆ ఊరిలోనే లేడని నమ్ముటకు ఆధారాలు ఉన్నవి. 2011లో ఆ రాష్ట్ర గవర్నరు అతనికి పూర్తి క్షమాపణ ప్రకటించినాడు. మరణించిన 72 సంవత్సరాలకు!

రెండవవాడు ఇంగ్లండుకు చెందిన డెరెక్ బెంట్లీ. వయస్సు 19, బుద్ధి సుమారు పదకొండేండ్ల బాలునిది. 1952 నవంబరులో తనకంటే చిన్నవాడైన పదహారేండ్ల స్నేహితునితో కలసి దొంగతనానికి పోయినాడు. ఆ స్నేహితుడు పోలీసును కాల్చి చంపినప్పుడు బెంట్లీ అప్పటికే మరొక పోలీసు చేతికి చిక్కి ఉన్నాడు. కాల్చినవానికి 18 ఏండ్లు నిండలేదు కనుక ఉరి లేదు. కాల్చని బెంట్లీని 1953 జనవరి 28న ఉరి తీశారు. దయ చూపవలెనని జూరీ సిఫారసు చేసినది, ప్రభుత్వం వినలేదు. 1998లో కోర్టు ఆ తీర్పునే కొట్టివేసినది.

బెంట్లీ మరణం ఇంగ్లండును కలతపెట్టినది. 1957లో వచ్చిన చట్టం హత్య కేసులలో "తగ్గిన బాధ్యత" అనే కొత్త మెట్టు కల్పించినది. పూర్తిగా తెలియనివానికీ పూర్తిగా తెలిసినవానికీ నడుమ ఒక స్థానం ఉన్నదని మొదటిసారిగా అక్కడి శాసనం ఒప్పుకొన్నది. సింగపూరు 1961లో ఈ మెట్టును తన స్మృతిలో చేర్చుకొన్నది. మలేషియా, భారతదేశం చేర్చుకొనలేదు.

గీత ఎక్కడ గీయవలెను?

అమెరికాలో ఈ ప్రశ్న రాజ్యాంగం వరకు పోయినది. అక్కడి వర్జీనియా రాష్ట్రంలో ఎర్ల్ వాషింగ్టన్ అనే పొలం కూలీ ఉండెను. అతని ప్రజ్ఞాలబ్ధి కూడ 69. 1982లో జరిగిన ఒక హత్యను తానే చేసినట్లు ఒప్పుకొన్నాడు. హతురాలు తెల్లజాతి స్త్రీయో నల్లజాతి స్త్రీయో కూడ మొదట సరిగా చెప్పలేకపోయినాడు. పోలీసులు అడిగిన కొద్దీ జవాబులు దిద్దుకొంటూ పోయినాడు. 1985లో మరణశిక్ష అమలుకు తొమ్మిది దినాల దూరం వరకు వచ్చి బ్రతికినాడు. తరువాత డి.ఎన్.ఏ. పరీక్షలు అతడు నిర్దోషి అని తేల్చినవి. 2000లో క్షమాపణ, 2001లో విడుదల. "అయింది సార్" అనే పిల్లవాడు పెద్దవాడై ఠాణాలో కూర్చొంటే ఏమగునో తెలుసుకొనుటకు ఈ ఒక్క కేసు చాలును.

1989లో అమెరికా సుప్రీంకోర్టు, మేధో వైకల్యం గలవారిని చంపరాదని రాజ్యాంగం చెప్పలేదని తీర్పిచ్చినది. ఆ నాటికి మరణశిక్ష గల రాష్ట్రాలలో రెండే దీనిని నిషేధించినవి. 2002 నాటికి ఆ సంఖ్య 18కి పెరిగినది. ఆ సంవత్సరం జూన్ 20న అట్కిన్స్ కేసులో అదే కోర్టు ఆరుగురు ఒక వైపు, ముగ్గురు ఒక వైపుగా తన మాట మార్చుకొన్నది. రెండు కారణాలు ముఖ్యంగా చెప్పినది. ఇట్టివారికి నేరంలో బాధ్యత తక్కువ కనుక అత్యంత కఠిన శిక్ష తగదు. పైగా వారు చేయని నేరం ఒప్పుకొనే ప్రమాదం, తమ వకీలుకు సాయపడలేని ప్రమాదం ఎక్కువ.

అయితే వైకల్యం ఎవరికి ఉన్నదో తేల్చే పనిని కోర్టు రాష్ట్రాలకే వదలినది. ఫ్లోరిడా 70 దగ్గర గీత గీసి, 71 వచ్చినవాని మాట విననన్నది. 2014లో హాల్ కేసులో సుప్రీంకోర్టు దానిని తప్పుపట్టినది. ప్రజ్ఞాలబ్ధి పరీక్షలో కొన్ని అంకెల తేడా సహజం. బియ్యం తూచే తక్కెడలోనే కొంత తేడా ఉండగా, మనిషి బుద్ధిని తూచే తక్కెడను అంత గట్టిగా నమ్మి ప్రాణం తీయవచ్చునా?

15 గ్రాములు

ఇక మన ప్రాంతానికి వత్తుము. ఇక్కడ మరణశిక్ష కథ చాల వరకు మత్తుమందుల కథ. సింగపూరు 1973లో మత్తుమందుల చట్టం చేసి, 1975లో 15 గ్రాములకు మించిన హెరాయిన్ రవాణాకు మరణశిక్ష తప్పనిసరి చేసినది. మలేషియా 1952 నాటి ప్రమాదకర మందుల చట్టంలో 1975లో మరణశిక్ష చేర్చి, 1983లో తప్పనిసరి చేసినది. "తప్పనిసరి" అనగా నేరం రుజువైన తరువాత న్యాయమూర్తికి వేరే దారి లేదు. ముద్దాయి ఎవడు, ఎట్టివాడు, ఎందుకు చేశాడు అని చూచే అధికారం లేదు. గ్రాముల లెక్కే మనిషి లెక్క అయినది. ఆశ్చర్యమేమనగా, అదే 1983లో భారత సుప్రీంకోర్టు మిఠ్ఠూ కేసులో తప్పనిసరి మరణశిక్ష రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టివేసినది. ఒకే శిక్షాస్మృతిని వారసత్వంగా పొందిన రెండు దేశాలు ఒకే సంవత్సరంలో రెండు దారులు పట్టినవి.

నాగేంద్రన్‌కు 2010లో మరణశిక్ష పడినది. తనను ఒకడు బెదిరించి పంపినాడని అతడు చెప్పినాడు, కోర్టు నమ్మలేదు. 2012లో సింగపూరు చట్టం సవరించి ఒక చిన్న కిటికీ తెరచినది. ముద్దాయి కేవలం మోసుకొని పోయేవాడై, మనోవికాసం ఆగిపోవుట వంటి లోపం వల్ల అతని మానసిక బాధ్యత గణనీయంగా తగ్గినదని రుజువైతే ఉరికి బదులు యావజ్జీవం ఇవ్వవచ్చును. నాగేంద్రన్ ఆ కిటికీ దగ్గరకు పోయినాడు. అతనిది మేధో వైకల్యం కాదు, సరిహద్దులో ఉన్న బుద్ధి మాత్రమేనని ప్రభుత్వ పక్షం వాదించినది. పొట్లం దాచుటకు పథకం వేయగలిగినాడు, లాభనష్టాలు బేరీజు వేసుకొన్నాడు, చేసేది ఏమిటో తెలుసు అని 2017లో హైకోర్టు, 2019లో అప్పీలు కోర్టు నిర్ణయించినవి.

2021 అక్టోబరు చివర ఉరి తేదీ తెలుపుతూ అతని తల్లికి లేఖ వచ్చినది. నవంబరు 10న ఉరి. మలేషియా ప్రధానమంత్రి ఇస్మాయిల్ సబ్రి సింగపూరు ప్రధానమంత్రికి లేఖ వ్రాసినాడు. అప్పీలు విచారణలో ఉండగా నాగేంద్రన్‌కు కోవిడ్ సోకినట్లు తేలి ఉరి ఆగినది. 2022 మార్చి 29న అప్పీలు కొట్టివేసినారు. చివరి దరఖాస్తులు కోర్టు ప్రక్రియను దుర్వినియోగం చేయుటయేనని న్యాయమూర్తులు అన్నారు. ఏప్రిల్ 26న తల్లి వేసిన చివరి దరఖాస్తు కూడ పోయినది. మరునాడు ఉరి. పట్టుబడిన నాటి నుండి 13 సంవత్సరాలు గడచినవి.

రెండవ పక్షపు మాట కూడ వినవలెను. మత్తుమందు వల్ల చెడిన ఇళ్ళు మన తోటలలో, మన పేటలలో తక్కువేమీ కాదు. ఆ సొమ్ము తిన్నవారిపై మనకు జాలి లేదు. సింగపూరు ప్రభుత్వం అడిగే ప్రశ్న ఇది: తెలిసి తెచ్చినవానిని తక్కువ బుద్ధి అని వదిలితే, వ్యాపారులు అట్టివారినే ఏరి పంపరా? దీనిలో కొంత నిజం ఉన్నది. కాని వ్యాపారులు ఇప్పటికే అట్టివారిని ఏరి పంపుచున్నారు. పట్టుబడితే నోరు విప్పి పేర్లు చెప్పలేనివాడే వారికి కావలెను. అట్టివాణ్ణి ఉరి తీసినంత మాత్రాన పంపినవానికి ఏ భయమూ కలుగదు. నోరున్నవాడిదే రాజ్యం అని మన పెద్దలు ఊరకే అనలేదు. మేము శిక్ష వద్దనుట లేదు, జైలు ఉన్నది. తిరిగి ఇవ్వలేని శిక్ష అట్టివానికి తగదని మాత్రమే మా మాట.

మలేషియాలో మార్పు

నాగేంద్రన్ మరణించిన మరుసటి సంవత్సరం మన దేశంలో పెద్ద మార్పు వచ్చినది. 2023 ఏప్రిల్‌లో పార్లమెంటు తప్పనిసరి మరణశిక్షను తొలగించినది. జూలై 4 నుండి చట్టం అమలైనది. ఇప్పుడు న్యాయమూర్తి మరణశిక్షకు బదులు 30 నుండి 40 సంవత్సరాల జైలు విధించవచ్చును. పాత శిక్షలు పడిన వేయిమందికి పైగా ఖైదీలకు తమ శిక్షను ఫెడరల్ కోర్టు చేత మరల చూపించుకొనే అవకాశం కలిగినది. మన తెలుగు సోదరులున్న ఇతర దేశాలను చూస్తే, దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం 1995లో మరణశిక్షనే కొట్టివేసినది. అదే సంవత్సరం మారిషస్ కూడ రద్దు చేసినది.

మన దేశంలో మరణశిక్ష మాత్రం పోలేదు. 18 ఏండ్లు నిండని బాలునికి ఉరి లేదు, గర్భిణికి ఉరి లేదు. కాని బాలుని బుద్ధి గల పెద్దవానికి ఉరి లేదని చెప్పే సెక్షను మన చట్టంలో లేదు. వికలాంగుల హక్కుల అంతర్జాతీయ ఒడంబడికను మలేషియా 2010లో అంగీకరించినప్పుడు, క్రూరమైన శిక్షలను నిషేధించే 15వ అధికరణానికి తాను కట్టుబడనని చెప్పినది. కనుక ఇప్పుడు అంతా న్యాయమూర్తి విచక్షణలో ఉన్నది. న్యాయమూర్తికి వకీలు చెప్పవలెను. వకీలుకు కుటుంబం చెప్పవలెను. కుటుంబం దగ్గర కాగితం ఉండవలెను.

మన చేతిలో ఉన్నది

అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. వైకల్యం ఎదుగుదల వయస్సులోనే ఉన్నదని చూపించవలెను. తోట పిల్లలలో ఎంతమందికి చిన్ననాటి పరీక్ష కాగితాలు ఉన్నవి? పాత దినాలలో అట్టి పిల్లవాణ్ణి "మొద్దు" అని చివరి బెంచీలో కూర్చోబెట్టి, ఆరవ తరగతి దాటగానే పనికి పంపినారు. పరీక్ష లేదు, రికార్డు లేదు. ముప్పై ఏండ్ల తరువాత కోర్టులో "ఇతడు చిన్నప్పటి నుండి ఇట్లే" అని తల్లి ఏడ్చి చెప్పినా అది సాక్ష్యంగా నిలబడుట కష్టం. భారతదేశంలో పరిస్థితి వేరుగా లేదు. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వారు మరణశిక్ష పడిన ఖైదీలను పరీక్షించి 2021లో ప్రకటించిన నివేదిక ప్రకారం, దాదాపు 11 శాతం మందికి మేధో వైకల్యం ఉన్నది.

మన ఇళ్ళలో ఇట్టి బిడ్డ ఉంటే సిగ్గుపడి దాచుట ఒక అలవాటు. పెండ్లి సంబంధాలు చెడునని భయం. ఈ దాపరికం వల్ల బిడ్డకు రక్షణ పోవుచున్నది. 2008 నాటి వికలాంగుల చట్టం క్రింద మన సంక్షేమ శాఖ ఓకేయూ కార్డు ఇచ్చుచున్నది. అభ్యాస సమస్యల తరగతిలో మేధో వైకల్యం చేరి ఉన్నది. ప్రభుత్వాసుపత్రి వైద్యుని చేత పరీక్ష చేయించి, ఫారం నింపి నమోదు చేయించవలెను. పాఠశాలలో ప్రత్యేక విద్యా తరగతులు కలవు, వాటిలో చేర్పించుట అవమానం కాదు. పరీక్ష ఫలితాలు, పాఠశాల నివేదికలు, ఆసుపత్రి చీటీలు ఒక సంచిలో భద్రపరచండి. జన్మపత్రిక దాచినట్లు దాచండి.

బిడ్డ ఎదిగిన తరువాత అతనికి రెండు మాటలు నేర్పండి. ఎవరైనా పొట్లం ఇచ్చి మోయమంటే "అమ్మను అడుగుతాను" అనవలెను. పోలీసు ప్రశ్న అర్థం కాకపోతే "నాకు అర్థం కాలేదు, మా ఇంటివారిని పిలవండి" అనవలెను. తల ఊపుట అలవాటైన బిడ్డకు ఈ మాట ఒక్కసారి చెబితే రాదు. ఎక్కాలు నేర్పినట్లు మరల మరల చెప్పించవలెను. ఈ పని మన తరగతులలోనే మొదలు పెట్టవచ్చునని, ఉపాధ్యాయులూ తల్లిదండ్రులూ కలసి దీనిని రాబోయే సంఘ సమావేశంలో చర్చించవలెనని కోరుచున్నాము.